జపనీస్ కోసం ఇంకో డిగ్రీ కట్టాలా? నా అనుభవం

మాది నెల్లూరు. 2023లో బి.కాం. కంప్యూటర్స్‌లో చేరాను. సింగిల్ మేజర్ పద్ధతిలో, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టుతో డిగ్రీ చదివే పద్ధతిలో చేరిన తొలి బ్యాచ్ మాదే. రెండో ఏడాది మొదలయ్యాక, 2024 ఆగస్టులో, జపనీస్ నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. నేర్చుకోవడమంటే బి.కాం.తో పాటు జపనీస్‌లో ఇంకో డిగ్రీ కట్టడమేనని ఇంట్లో అందరి లెక్క. కట్టాలా వద్దా అన్నది తేలేసరికి డిసెంబరు వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఏడాది గడిచింది. డిగ్రీ మధ్యలో ఉండి, భాష కోసం రెండో డిగ్రీ వైపు చూస్తున్న జూనియర్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జపనీసే ఎందుకంటే, మా చిన్నక్క వాళ్లు సూళ్లూరుపేటలో ఉంటారు. బావ దగ్గర్లోని పారిశ్రామికవాడ శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాడు. ఇసుజు, కొబెల్కో, డైకిన్ అన్నీ అక్కడే ఉన్నాయి. "జపానాయన లైన్ దగ్గరికొచ్చి ఏదో చెప్తాడు. ఇంటర్‌ప్రెటర్ వచ్చిందాకా అందరం ఆయన మొహం చూస్తా నిలబడాల" అని బావ ఒకసారి చెప్పాడు. వాళ్ల కంపెనీలో ఆ పని చేసేది ఇద్దరు ఆడపిల్లలట. వాళ్ల జీతం విన్నాక, మా సీనియర్లకు బి.కాం. మీద వచ్చే జీతం గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా నాయనకి జపాన్ పేరు కొత్త కాదు. ఆయన రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. జపాన్‌కి వెళ్లే సరుకు చూడటానికి వాళ్ల మనుషులొచ్చే రోజు ఇంట్లో అన్నం కూడా సరిగా తినడు. "వాళ్లు నోరు తెరిచేదే తప్పు పట్టడానికి. వాళ్ల భాష నీకెందుకు మే?" అన్నాడు మొదట. మరుసటి రోజు తనే, "డిగ్రీ అయితే చదువు. ఏదో కోర్సంటే మాత్రం వద్దు" అన్నాడు. అమ్మదీ అదే మాట. కోర్సు అంటే వేసవి సెలవుల్లో టైపుకి పోవడం లాంటిదని వాళ్ల ఉద్దేశం. డిగ్రీ అయితే రేపు సంబంధాలు చూసేటప్పుడు బయోడేటాలో ఒక లైను పెరుగుతుంది. అందుకని మా వెతుకులాట డిగ్రీతోనే మొదలైంది.

రెగ్యులర్‌గా జపనీస్ బి.ఏ. ఢిల్లీ జేఎన్‌యూలో ఉంది, దానికి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. అంటే బి.కాం. మానేసి మళ్లీ మొదటి ఏడాది నుంచి చదవాలి. అది ఇంట్లోవాళ్లకే కాదు, నాకూ ఇష్టం లేదు. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ జపనీస్ డిగ్రీ చెప్పే కాలేజీ నాకు దొరకలేదు. ఇగ్నోలో జపనీస్ సర్టిఫికెట్ కోర్సు ఉంది కానీ అది డిగ్రీ కాదు కాబట్టి నాయన వినిపించుకోలేదు. ఇక మిగిలింది ఆన్‌లైన్ డిగ్రీ.

సెప్టెంబరు మొదట్లో నేనూ నాయనా మాగుంట లేఅవుట్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఏసీ గది, టీ, గోడ నిండా గ్రాడ్యుయేషన్ టోపీల ఫోటోలు. వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ పేరు చెప్పారు. మూడేళ్లు, ఏడాదికి 38,000, పరీక్ష ఫీజు వేరే. క్లాసులన్నీ రికార్డెడ్. "చూసినా చూడకపోయినా ప్రాబ్లం లేదమ్మా, పరీక్షలు మేం చూసుకుంటాం" అన్నాడు కౌంటర్లో కూర్చున్నతను. ఆ "చూసుకుంటాం" అన్న మాటకి నాయన నా వైపు చూశాడు. మాట్లాడటం ఎక్కడ నేర్పిస్తారని అడిగాను. "అది యూట్యూబ్‌లో బోలెడు ఉంటుంది కదమ్మా, మీకు కావాల్సింది సర్టిఫికెట్టే కదా" అన్నాడు. సీటు బ్లాక్ చేయడానికి 5,000 కట్టమన్నాడు. ఆలోచించుకుని వస్తామని లేచాం.

ఆ రాత్రే యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) దూరవిద్య విభాగం వెబ్‌సైట్ తెరిచి చూశాను. అందులో యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు, ఏ ఏడాది ఏయే కోర్సులకి అనుమతి ఉందో విడిగా జాబితా ఉంటుంది. ఆ యూనివర్సిటీ ఉంది. బి.ఏ. ఉంది, ఎం.బి.ఏ. ఉంది. జపనీస్ లేదు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే "వచ్చే సెషన్‌కి వచ్చేస్తుంది మేడమ్, ఇప్పుడు జనరల్ బి.ఏ.లో వేసి తర్వాత మారుస్తాం" అన్నారు. ఆ తర్వాత రెండు మూడు నెలల పాటు రోజూ ఏదో ఒక నంబరు నుంచి ఫోన్లు వచ్చాయి. మీరు ఎక్కడికెళ్లినా మొదటిసారే మీ నంబరు ఇవ్వకండి, నాయన నంబరు కూడా ఇవ్వకండి.

అప్పటికీ రెండో డిగ్రీ ఆశ పోలేదు. ఇంకో మంచి యూనివర్సిటీ దొరక్కపోతుందా అని, ఈలోగా కాలేజీ వైపు పనులు చక్కబెట్టుకుందామని అనుకున్నాను. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022 ఏప్రిల్‌లో చెప్పింది. రెండూ రెగ్యులర్ అయితే క్లాసుల టైము ఒకదానికొకటి అడ్డం రాకూడదు. ఒకటి రెగ్యులర్, ఇంకొకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్ అయితే ఆ బాధ లేదు. ఇది చూపించి ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన మంచాయనే. "రూల్ ఉంది తల్లీ. కానీ మన యూనివర్సిటీ నుంచి కాగితం లేకుండా నేను సంతకం పెట్టలేను" అన్నారు. అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చాను. క్లర్కు ఇన్‌వర్డ్ నంబరు వేసిన కాపీని ఫోటో తీసి పెట్టుకున్నాను. అర్జీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి పోయింది. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే "వస్తుందిలేమ్మా" అన్నారు.

ఇక్కడే ఇంకో రెండు సంగతులు తెలిశాయి. ఒరిజినల్ టీసీ చేరేటప్పుడే కాలేజీలో ఇచ్చేశాం, అది చదువు అయ్యేదాకా మన చేతికి రాదు. రెండో చోట కూడా రెగ్యులర్‌గా చేరాలంటే వాళ్లూ టీసీయే అడుగుతారు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. మాకు అది వస్తోంది కాబట్టే బి.కాం. భారం లేకుండా సాగుతోంది. దానికి 75 శాతం హాజరు ఉండాలి, దూరవిద్యకి అది వర్తించదు. అంటే రెండో డిగ్రీకి పెట్టే ప్రతి రూపాయీ నాయన జేబులోదే. ఇది విన్నాక నాయన "డిగ్రీ అయితేనే" అన్న మాటని కొంచెం మెల్లగా అనడం మొదలుపెట్టాడు.

ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరడానికి ఇప్పుడు డీఈబీ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు తప్పనిసరి. అది రావాలంటే ముందు ఏబీసీ ఐడీ (మన చదువు క్రెడిట్లు దాచే ఖాతా నంబరు) ఉండాలి. రెండూ ఫోన్లోనే ఉచితంగా చేసుకోవచ్చు, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. కన్సల్టెన్సీ అతను దీనికే 1,500 అడిగాడు. కానీ నాకు ఇక్కడ ఇంటిపేరు అడ్డం పడింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో మొదటి అక్షరమే ఉంది. కాగితాలు తీసుకుని ఆధార్ సెంటర్‌కి పోయాను. పొద్దున ఎనిమిదికే టోకెన్లు అయిపోయాయంటే మర్నాడు ఏడింటికే వెళ్లి కూర్చున్నాను. అప్పట్లో ఫీజు 50 రూపాయలు. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలని అక్కడ గోడ మీద చదివాను. అందుకే స్క్రీన్ మీద స్పెల్లింగు ఒకటికి పదిసార్లు చూశాను. దాదాపు రెండు వారాలకి మార్పు వచ్చింది. డిగ్రీ కట్టినా కట్టకపోయినా ఈ పని ఎప్పటికైనా చేసుకోవాల్సిందే. మీ మెమో, ఆధార్ ఇవాళే పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అక్టోబరు చివర్లో, దీపావళి ముందు ఆదివారం, సూళ్లూరుపేట వెళ్లాను. బావ వాళ్ల కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేసే అక్కని కాసేపు మాట్లాడమని బతిమాలి మా చిన్నక్క ఇంటికి పిలిపించాడు. ఆ అక్కది నాయుడుపేట. చదివింది బయోటెక్నాలజీ. నేను నోట్‌బుక్కులో ప్రశ్నలు రాసుకుని పోయాను. అందులో మొదటిది, "ఏ యూనివర్సిటీ డిగ్రీ అయితే బాగుంటుంది?"

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "నన్ను ఇంటర్వ్యూలో డిగ్రీ ఉందా అని అడిగారు. దేంట్లో అని అడగలేదు. ఎన్ ఎంత అని అడిగారు" అంది. ఎన్ అంటే జేఎల్‌పీటీ అనే పరీక్షలో స్థాయి. ఎన్5 అన్నిటికంటే కింద, ఎన్1 అన్నిటికంటే పైన. జపాన్ ఫౌండేషన్ వాళ్లు ప్రపంచమంతా పెట్టే పరీక్ష ఇది. మన దగ్గర జులై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. మనకి దగ్గరి సెంటర్ చెన్నై. వాళ్ల కంపెనీ ఎన్3 లేనిదే పిలవదట. మీటింగుల్లో కూర్చోవాలంటే ఎన్2 కావాలట.

సర్టిఫికెట్ చూశాక జపాన్ మేనేజర్ ఒకాయన ఆమెతో పది నిమిషాలు మాట్లాడాడట. "అసలు పరీక్ష అదే. జేఎల్‌పీటీలో మాట్లాడించరు, రాయించరు. అన్నీ టిక్కులు పెట్టేవే. ఎన్3 పాసై వచ్చినవాళ్లు చాలామంది ఆయన ముందు నోరు తెరవలేక తిరిగిపోయారు" అంది. తర్వాత తన ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టి వినిపించింది. ఒక ఇంజనీరు ఏదో మెషీన్ గురించి గబగబా చెప్తున్నాడు. వెల్డింగ్ చప్పుడు, వెనక ఎవరో తెలుగులో కేకలు. నాకు ఒక్క ముక్క కూడా తెలియదు, తెలిసే వీలూ లేదు. "మూడేళ్లు డిగ్రీ చదివినా ఇది అర్థం కాకపోతే నిన్ను తీసుకోరు. రెండేళ్లలో ఎట్లా నేర్చుకున్నా సరే, అర్థమైతే తీసుకుంటారు. నువ్వు చెప్పే ఆ ఆన్‌లైన్ డిగ్రీలో వారానికి ఎన్ని గంటలు మాట్లాడిస్తారో అడిగావా?" అంది.

రేపు జపాన్‌కే పోవాలనుకుంటే జపనీస్ డిగ్రీ ఉండాలేమో కదా అని అడిగాను. నా అసలు భయం అదే. అనువాదం, ఇంటర్‌ప్రెటేషన్ ఉద్యోగానికి అక్కడి వర్క్ వీసాకి మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు, యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ నిబంధన లేదు, డిగ్రీ ఏ సబ్జెక్టులో అయినా ఫర్వాలేదు అని చెప్పింది. ఇంటికొచ్చాక చదివి చూసుకుంటే అలాగే ఉంది. అంటే నా బి.కాం. చాలు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మాగుంట లేఅవుట్‌లో టీ తాగాల్సిన అవసరమే రాకపోవును.

అయితే ఆమె డిగ్రీని తీసిపారేయలేదు. వాళ్ల ఆఫీసులో ఢిల్లీలో జపనీస్ బి.ఏ. చేసిన అబ్బాయి ఒకతను ఉన్నాడట. కాంట్రాక్టు కాగితాలు, పెద్ద రిపోర్టులు అనువదించాల్సి వస్తే తను కూడా అతన్నే అడుగుతుందట. పాత కాగితం ముందు పెట్టినా చదివేస్తాడని, ఆ పునాది తనకు లేదని చెప్పింది. "పాఠాలు చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా డిగ్రీ కావాల్సిందే. నీకు ఫ్యాక్టరీలో లైన్ దగ్గర పని కావాలా, క్లాస్‌రూములో కావాలా, అది చెప్పు" అంది.

ఇదే సమయంలో ఒంగోలులో ఉండే మా ఇంటర్ ఫ్రెండు హిందీ కోసం రెండో డిగ్రీ కడుతున్నానని చెప్పింది. తను బి.ఎస్సీ. చదువుతోంది, వాళ్లింట్లో అందరూ టీచర్లే. డీఎస్సీలో హిందీ పోస్టు రాయాలంటే డిగ్రీలో హిందీ ఉండాలి, లేదా దానికి సమానమైన చదువు ఉండాలి. ఎంత బాగా మాట్లాడినా ఆ కాగితం లేకపోతే అప్లికేషనే తీసుకోరు. తనకి హిందీ ముందే వచ్చు, చిన్నప్పటి నుంచి దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాస్తూనే ఉంది. తనకి కావాల్సింది అర్హత. నాకు కావాల్సింది నోరు తిరగడం. ఇద్దరం ఫోన్లో గంటసేపు వాదించుకుని, చివరికి ఎవరి దారి వాళ్లకి సరైందని ఒప్పుకున్నాం. తను కట్టింది, నేను మానుకున్నాను.

డిసెంబరులో ఇంట్లో లెక్క వేశాం. ఆన్‌లైన్ డిగ్రీకి మూడేళ్లకి 1,14,000, పరీక్ష ఫీజులు కాకుండా. చెన్నైలోని ఒక జపనీస్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఎన్5 బ్యాచ్‌కి 14,000 చెప్పింది. ఒకసారి కూర్చుని చూడటానికి డెమో క్లాసు ఇచ్చారు. నాయన నా పక్కనే కూర్చుని డెమో మొత్తం విన్నాడు. అయ్యాక, "ఈమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతా ఉండాది, ఇది నయం" అన్నాడు. అమ్మకి మాత్రం బయోడేటా లైను పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది.

2025 జనవరి, సంక్రాంతి తర్వాత క్లాసులు మొదలయ్యాయి. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర. బ్యాచ్‌లో ఎక్కువమంది తమిళులు, ఒంగోలు నుంచి ఒక నర్సు, గుంటూరు నుంచి ఇద్దరు బి.టెక్. అబ్బాయిలు. పాఠం ఇంగ్లీషులో అని చెప్పారు కానీ ఎవరికైనా డౌట్ వస్తే టీచర్ తెలియకుండానే తమిళంలోకి వెళ్లిపోయేది. నెల్లూరు వాళ్లం కాబట్టి నాకు కొంత అర్థమయ్యేది. గుంటూరు అబ్బాయిలు పాపం చాట్‌లో "మేడమ్, ఇంగ్లీష్ ప్లీజ్" అని పెడుతూనే ఉండేవాళ్లు. మీరు చేరేముందు ఇది అడిగి తెలుసుకోండి.

మొదటి నెల అంతా అక్షరాలే. హిరగానా 46, కటకానా 46. రాసి రాసి వేలు కాయ కాసింది. గట్టిగా చదివితేనే వస్తుందంటే హాల్లో కూర్చుని చదివేదాన్ని. "ఎవర్ని తిడతన్నావు మే?" అని అవ్వ వంటింట్లోంచి అడిగేది. వాక్యం దగ్గరికొచ్చాక మాత్రం హాయి. క్రియ చివర్లో వస్తుంది, మన విభక్తుల్లా చిన్న ముక్కలు పేరు వెనకే తగులుకుంటాయి. పెద్దవాళ్లతో ఒకలా, స్నేహితులతో ఒకలా మాట్లాడటం కూడా మనకి పుట్టుకతో వచ్చిందే. తెలుగులో ఆలోచించి చెప్తే వరస తప్పదు, ఇంగ్లీషులో ఆలోచిస్తే తప్పుతుంది. ఈ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఏడిపించింది లెక్కపెట్టడం. పల్చని వస్తువులకి ఒక రకం, పొడుగాటి వాటికి ఒక రకం, మనుషులకి ఒక రకం, చిన్న జంతువులకి ఇంకో రకం. రొయ్యల్ని ఏ లెక్కలో వేస్తారో కనుక్కోమని నాయన ప్రతి వారం అడిగేవాడు.

ఏప్రిల్‌లో జులై పరీక్షకి అప్లై చేశాను. చెన్నైలో సీట్లు తొందరగా నిండిపోతాయని టీచర్ ముందే హెచ్చరించింది, అందుకని తెరిచిన రోజే కట్టేశాను. మేలో నాలుగో సెమిస్టర్ అయ్యింది. వెంటనే షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకి ఇది తప్పదు కదా. నాది దర్గామిట్టలో ఒక ఆడిటర్ ఆఫీసులో. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా జీఎస్టీ బిల్లులు, ఇంటికొచ్చి స్నానం చేసి క్లాసు. నెల్లూరు మే నెల ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. రెండు మూడుసార్లు కెమెరా ఆన్‌లో ఉండగానే నిద్రపోయాను. ఇగ్నో లాంటి చోట్ల చివరి పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. రెండో డిగ్రీ కట్టి ఉంటే ఆ జూన్ ఎలా గడిచేదో ఊహించుకోవడానికి కూడా భయమేసింది. ఒకేసారి రెండు డిగ్రీలంటే రెండు పుస్తకాల సంచులు అనుకుంటాం. అసలు చిక్కంతా టైం టేబుళ్ల దగ్గర ఉంటుంది. కట్టేముందు రెండు చోట్ల పాత పరీక్షల తేదీలు తెచ్చుకుని చూడండి.

పరీక్ష జులై 6, ఆదివారం. శనివారం మధ్యాహ్నం నేనూ నాయనా రైల్లో చెన్నై వెళ్లాం. లాడ్జి, ఆటోలు, తిండి కలిపి పరీక్ష ఫీజు కంటే ఎక్కువైంది. మాట్లాడుకున్న ఆటో అతను పొద్దున రాలేదు. వేరే ఆటో పట్టుకుని సెంటర్ చేరేసరికి నా చేతులు చల్లబడిపోయాయి. వెంట హెచ్‌బీ పెన్సిళ్లు, రబ్బరు, ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉండాలి. పెన్ను పనికిరాదు. హాల్లో ఫుట్‌బాల్‌లో లాగా పసుపు కార్డు, ఎర్ర కార్డు ఉంటాయని చెప్తే జోకనుకున్నాను. నిజంగానే ఉన్నాయి. ఫోన్ మోగితే ఇక అంతే సంగతులు.

ఎన్5లో మాటలకి 20 నిమిషాలు, వ్యాకరణం, చదవడం కలిపి 40, వినడానికి 30. మొదటి రెండూ బాగానే పోయాయి. వినే భాగంలో ఆడియో ఒక్కసారే వేస్తారు. మా గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఒక ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించానంటే పక్కది పోతుంది. రెండు ప్రశ్నలు అలాగే పోయాయి. మూడో దానికి, పోయింది పోయిందని వదిలేసి ముందుకి వెళ్లడం వచ్చింది. బయటికొచ్చాక నాయన ఏమీ అడగలేదు, కొబ్బరి బోండాం కొట్టించి చేతికిచ్చాడు.

ఫలితం ఆగస్టు చివర్లో ఆన్‌లైన్‌లో వచ్చింది. 180కి 118. పాసవ్వడానికి 80 చాలు, కానీ మొత్తం వస్తే సరిపోదు. మాటలు, వ్యాకరణం, చదవడం కలిపి 120కి కనీసం 38, వినే భాగంలో 60కి కనీసం 19 విడివిడిగా రావాలి. నాకు వినడంలో 30 వచ్చాయి. అసలు సర్టిఫికెట్ కాగితం చేతికొచ్చేసరికి ఇంకొన్ని వారాలు పట్టింది.

సెప్టెంబరులో కాలేజీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఏడాది కిందట ఇచ్చిన నా అర్జీకి యూనివర్సిటీ జవాబు పంపిందట. నిబంధనలకు లోబడి రెండో డిగ్రీ చదువుకోవచ్చట. క్లర్కు గారు చాలా సంతోషంగా కాగితం చేతిలో పెట్టారు. ఆయన సంతోషం పాడుచేయడం ఇష్టం లేక థాంక్స్ చెప్పి తీసుకున్నాను. జూనియర్లకి మాత్రం ఇది పనికొస్తోంది, ఇప్పటికి ఇద్దరు జిరాక్స్ తీసుకున్నారు.

ఎన్4 బ్యాచ్‌కి 18,000 అయింది. ఈసారి దాంతో పాటు మాట్లాడే క్లాసులు విడిగా పెట్టుకున్నాను. జపాన్‌లో ఉండే ఒక పెద్దావిడతో వీడియో కాల్, అరగంటకి 600 రూపాయలు, వారానికి ఒకటి. మొదటి కాల్‌లో నేను మాట్లాడింది నా పేరు, ఊరి పేరు, "ఇంకోసారి చెప్పండి". అంతే. కాల్ అయ్యాక ఏడ్చాను కూడా. కానీ నన్ను నిజంగా ముందుకు తోసింది ఈ అరగంటలే. డబ్బు తక్కువుంటే బ్యాచ్ మానేసి జపాన్ ఫౌండేషన్ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు చూసుకోండి, ఉన్న డబ్బు మాట్లాడటం మీద పెట్టండి. డిసెంబరు 7న మళ్లీ చెన్నై వెళ్లి రాశాను. జనవరి చివర్లో ఫలితం వచ్చింది, 97. ఎన్4కి 90 రావాలి. గట్టెక్కాను, అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు.

ఆరో సెమిస్టర్ మాకు పూర్తిగా ఇంటర్న్‌షిప్. బావ చెప్తే వాళ్ల కంపెనీలోనే అడిగాను. ఇంటర్‌ప్రెటర్‌గా అయితే ఎన్3 తెచ్చుకుని రమ్మన్నారు. బి.కాం. అని చూసి పర్చేజ్ విభాగంలో ఇంటర్న్‌గా తీసుకుంటామన్నారు. ఇంటర్వ్యూలో జపాన్ మేనేజరు రెండు ప్రశ్నలు జపనీస్‌లోనే అడిగాడు. మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోది మళ్లీ చెప్పమన్నాను. ఆయన మెల్లగా చెప్పాడు, అయినా సగమే అర్థమైంది. రెండో డిగ్రీ గురించి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సూళ్లూరుపేటలో చిన్నక్క ఇంట్లో ఉంటున్నాను. పొద్దున కంపెనీ బస్సు. స్టైపెండ్ నెలకి 8,000. అందులో మాట్లాడే క్లాసులకి పోగా చేతిలో కొంచెం మిగులుతోంది. పగలు బిల్లులు, కొటేషన్లు. మధ్యాహ్నం క్యాంటీన్లో నాయుడుపేట అక్క పక్కన కూర్చుంటే అన్నం తిన్నంతసేపూ జపనీస్‌లోనే మాట్లాడాలని షరతు పెట్టింది. కూర కావాలన్నా సరే. ఎన్3 బ్యాచ్ ఫీజు 24,000 అంటున్నారు, రెండు వాయిదాల్లో కట్టొచ్చట. జులై పరీక్షకి సరిపోయేలా సిద్ధం కావడం కష్టమని టీచర్ చెప్పింది, కాబట్టి డిసెంబరుకి రాస్తాను.